జబ్బు పొట్టేలు రక్తంలో ఉందా, మేసిన బీడులో ఉందా: మంద లెక్కతో తేల్చుకునేది ఎట్ల

మూడేళ్ల కిందట మా మామ ఒక నల్ల పొట్టేలును సంతకు తోలి అమ్మేసినాడు. వానలు పడి రెండు నెలలు అయ్యేసరికి దాని పిల్లలకే దవడ కింద నీళ్లు దిగతాండాయి, కళ్లు పాలిపోతాండాయి, ఈ రక్తమే మంచిది కాదు అని ఇంట్లో అందరూ తీర్మానం చేసినారు, నేను కూడా ఏమీ అనలేదు. తర్వాత ఒక రోజు ఆ రెండేళ్ల నోటుబుక్కు ముందర పెట్టుకుని కూర్చుంటే తెలిసింది, దాని పిల్లల్లో ఎక్కువ భాగం చెరువు కింద తడి బీడులో మేసినవి, ఇంకో పొట్టేలు పిల్లలేమో ఎక్కువగా గుట్ట మీద మేసినవి. పొట్టేలుదా తప్పు, బీడుదా అని తేల్చకుండానే జీవాన్ని పోగొట్టుకున్నాం. అది నాకు ఇప్పటికీ బాధే.

కల్యాణదుర్గం దిక్కు మా మాదిరి జీవాల మీదనే బతికే ఇళ్లు చానా. 2019 పశుగణనలో రాష్ట్రంలో 1.76 కోట్ల గొర్రెలు ఉంటే, జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ మన ఉమ్మడి అనంతపురంలోనే. ఇన్ని జీవాలు ఉన్న చోట ఏ పొట్టేలు పిల్లలు జబ్బుకు తట్టుకుంటాయో ఏవి తట్టుకోవో లెక్క కట్టుకునే పని మనమే మొదలుపెట్టాల. నేను చదివింది స్టాటిస్టిక్స్, ఇంట్లో ఉండేది గొర్రెలు, కాబట్టి రెండూ కలిపి ఎట్ల చేసేదో వరసగా రాస్తున్నా.

మొదట ఏ జబ్బు అనేది తేల్చుకోండి

"మా పిల్లలు నీరసంగా ఉంటాయి" అంటే దాని మీద లెక్క నిలబడదు. ఒక్క జబ్బు పట్టుకోండి, అది ఉందా లేదా అని ఇద్దరు మనుషులు వేరువేరుగా చూసినా ఒకే మాట చెప్పేటట్టు ఉండాల. నేను ఈడ నట్టల జబ్బునే తీసుకుంటా, అందులోనూ హీమాంకస్ అనే రక్తం తాగే నట్ట, ఎందుకంటే మన దిక్కు వానలు అయినాక పిల్లల్ని ఎక్కువ చంపేది ఇదే అని నా నమ్మకం. ఒక్కొక్క నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతాది, కడుపులో వెయ్యి ఉంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టు, చిన్న పిల్ల ఎన్ని రోజులు తట్టుకుంటాది చెప్పండి. దీన్ని తట్టుకునే గుణం కొంత తల్లిదండ్రుల నుంచి వస్తాదని గొర్రెల మీద చానా దేశాల్లో తేలింది.

కొలిచేదానికి రెండు దారులు. ఒకటి ఫామాచా చార్టు, ఇది దక్షిణాఫ్రికాలో తయారైంది, కంటి కింది రెప్ప లాగి లోపలి రంగు చూసి 1 నుంచి 5 దాకా మార్కు వేసేది, 1 అంటే మంచి ఎరుపు, 5 అంటే సున్నం మాదిరి తెలుపు. ఎండలో నిలబెట్టి చూడండి, రొప్పంలో చీకట్లో చూస్తే మార్కు తప్పుతాది. రెండోది పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టించేది. నేల మీద పడినవి ఏరకుండా మలద్వారం నుంచే గ్లౌజు వేసుకుని నాలుగైదు గ్రాములు తీసి, కవరు మీద నంబరు రాసి, ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు పశువుల ల్యాబుకు చేర్చాల, గ్రాముకు ఎన్ని గుడ్లు అని వాళ్లు చెప్తారు. లెక్కకు రెండోది బలం ఎక్కువ, ఎందుకంటే 'ఉంది, లేదు' కన్నా 'ఎంత ఉంది' అనే దాంట్లో సమాచారం ఎక్కువ. కానీ 200 పిల్లలకు గుడ్లు లెక్కపెట్టించే స్తోమత అందరికీ ఉండదు, ఫామాచాతో మొదలుపెట్టినా తప్పు లేదు. 4, 5 వచ్చిన పిల్లను 'జబ్బు ఉంది' అనుకుందాం.

ఒక మాట గట్టిగా చెప్తున్నా, 4, 5 వచ్చిన పిల్లకు మార్కు రాసిన వెంటనే నట్టల మందు తాపండి, లెక్క కోసం ఏ పిల్లనూ జబ్బుతో వదిలేయొద్దు. మందు తాపిన తేదీ రాస్తే చాలు, లెక్క చెడదు.

తండ్రి ఎవరో తెలియాల

పని మొత్తం కూలిపోయేది ఈడనే. మంద అంటే నాలుగు పొట్టేళ్లు కలిసి తిరుగుతాంటాయి, పిల్ల పుట్టినాక "ఇది ఎర్రదాని పోలిక" అని రంగు చూసి చెప్పేస్తారు, దాన్ని నమ్మి రాసిన నోటుబుక్కు నమ్మకం లేని నోటుబుక్కు. దాటే కాలంలో మందను గుంపులు చేయండి, ఒక్కో పొట్టేలుకు 25, 30 గొర్రెలు, కనీసం రాత్రి పూట రొప్పంలో తడికలు అడ్డం కట్టి వేరు పెట్టి, పగలు మేతకు పోయేటప్పుడు పొట్టేళ్లను ఇంటి దగ్గర కట్టేయండి. గొర్రె 17 రోజులకు ఒకసారి ఎదకు వస్తాది కాబట్టి 35 రోజులు ఉంచితే రెండు తడవలు దొరుకుతాయి. తర్వాత ఇంకో పొట్టేలును వదలాలంటే మధ్యలో మూడు వారాలు ఖాళీ ఉంచండి, గొర్రె మోసేది 150 రోజులు, అటూ ఇటూ నాలుగైదు రోజులు, అంత ఖాళీ ఉంటే ఈనిన తేదీని బట్టి తండ్రి ఎవరో తెలిసిపోతాది. వేరు పెట్టేదానికి తావు లేనోళ్లు పొట్టేలు రొమ్ముకు రంగు నూనెలో కలిపి పూయండి, ఒక్కో దానికి ఒక్కో రంగు, పొద్దున్నే ఏ గొర్రె వీపు మీద ఏ రంగు అంటిందో చూసి రాసుకునేది. రెండు రంగులు అంటిన గొర్రె పిల్లకు తండ్రి గడిలో 'తెలియదు' అని రాయండి. ఊహించి రాసిన తండ్రి కన్నా ఖాళీ గడి వెయ్యి రెట్లు మేలు.

ఇంక అన్ని జీవాలకూ చెవి పోగు. ప్రభుత్వం వేసే 12 అంకెల పోగు ఉంటే అదే వాడుకోండి, లేకపోతే సొంత నంబరు వేసుకోండి.

నోటుబుక్కులో ఏమేం ఉండాల

పిల్ల నంబరు, తండ్రి, తల్లి, పుట్టిన తేదీ, పోతా పెంటా, ఒంటిదా కవలా, తల్లికి ఎన్నో ఈత, ఏ రొప్పం, ఆ కారులో (అంటే ఆ సీజన్లో) ఎక్కడ మేసింది, చూసిన తేదీ, ఫామాచా మార్కు, బరువు, అంతకు ముందు నట్టల మందు ఎప్పుడు తాపినారు. ఒక్కో పిల్లకు ఒక్క వరస. ఫోన్లో గూగుల్ షీట్ తెరిచి సాయంత్రం ఎక్కించుకోండి, కానీ రొప్పంలో మాత్రం పెన్సిలూ కాగితమే బాగుంటాది, చేతికి బురద ఉంటాది గదా. అందరి మార్కులూ ఒకే రోజు లేదా రెండు రోజుల్లో పూర్తి చేసేయాల, అదీ మందు తాపి కనీసం ఆరు వారాలు అయినాక. కొత్తగా కడుపులోకి పోయిన నట్ట గుడ్లు పెట్టేదానికే మూడు వారాలు పడుతాది, కాబట్టి మందు తాపిన పది రోజులకే చూస్తే అన్ని పిల్లలూ మంచివిగానే కనపడతాయి, పొట్టేళ్ల మధ్య తేడా ఏమీ తెలియదు.

చచ్చిపోయిన పిల్లల్ని కొట్టేయొద్దు. ఇది ఎంత చెప్పినా తక్కువే. ఒక పొట్టేలు పిల్లల్లో నీరసమైనవన్నీ వానాకాలంలోనే చచ్చిపోయినాయి అనుకోండి, చూసే రోజుకు మిగిలినవి గట్టివే, అప్పుడు ఆ పొట్టేలు లెక్కలో బంగారం మాదిరి కనపడుతాది. చచ్చిపోయిన పిల్లకు కూడా వరస ఉండాల, కారణం రాయాల. కళ్లు తెల్లబడి, దవడ కింద నీరు దిగి పోయిందా, చిటుకు రోగమా, కుక్కలు పట్టినాయా. మొదటి రకం అయితే 'జబ్బు ఉంది' కిందనే వస్తాది. పండగకు ముందే అమ్మేసిన పిల్లలదీ ఇదే కథ, బాగా పెరిగినవే ముందు అమ్ముడు పోతాయి గదా, వాటి మార్కు అమ్మే రోజే చూసి రాసి పెట్టుకోండి.

సాఫ్ట్‌వేర్ తెరవక ముందు, చేత్తోనే ఒక పట్టిక

మా నల్ల పొట్టేలుకు జరిగిన అన్యాయం ఈ పట్టిక వేసుంటే జరిగేది కాదు. లెక్క సులువుగా ఉండాలని అంకెలు నేనే కట్టి చెప్తున్నా. నల్లదానికి 40 పిల్లలు, 13కు జబ్బు, అంటే నూటికి 32.5. ఇంకో పొట్టేలు బొల్లిది, దానికి 40 పిల్లలు, 9కి జబ్బు, నూటికి 22.5. ఇంతవరకు చూస్తే నల్లదాన్నే అమ్మేస్తారు. ఇప్పుడు మేసిన చోటును బట్టి విడగొట్టండి. చెరువు కింద నల్లదాని పిల్లలు 30 మేసినాయి, 12కు జబ్బు, నూటికి 40. బొల్లిదానివి 10 మేసినాయి, 5కు జబ్బు, నూటికి 50. గుట్ట మీద నల్లదానివి 10, ఒక్కదానికి జబ్బు, నూటికి 10. బొల్లిదానివి 30, 4కు జబ్బు, నూటికి 13. చూసినారా, రెండు చోట్లా నల్లదాని పిల్లలే కొంచెం మేలు, కలిపి చూస్తే మాత్రం అదే చెడ్డది. ఇంత చిన్న తేడాతో నల్లది మేలు అని కూడా నేను చెప్పను, చెడ్డది అనేదానికి మాత్రం ఆధారమే లేదు.

కాబట్టి పోల్చేది ఎప్పుడూ ఒకే గుంపులోనే, ఒకే రొప్పం, ఒకే బీడు, ఒకే కారు, ఇంచుమించు ఒకే వయసు. ఇంకా ముఖ్యం ఏమంటే, ముందునుంచే ప్రతి బీడులో రెండు మూడు పొట్టేళ్ల పిల్లలు కలిసి మేసేటట్టు చూసుకోండి. ఒక పొట్టేలు పిల్లలన్నీ ఒకే చోట, ఇంకోదానివన్నీ ఇంకో చోట మేస్తే బీడు తేడాను, రక్తం తేడాను విడదీసే సాఫ్ట్‌వేర్ లోకంలో యాడా లేదు.

మరవ పారేదాకా తెలియదు

ఇప్పుడు మోడల్ సంగతి. జబ్బు 'ఉంది, లేదు' అనేది పైకి కనపడే మాట. లోపల మాత్రం ప్రతి పిల్లకూ జబ్బుకు లొంగే గుణం కొంచెం కొంచెంగా ఎక్కువా తక్కువా ఉంటాది. చెరువు కట్ట కింద నిలబడినోడికి లోపల నీళ్లు ఎంత ఉన్నాయో తెలియదు, మరవ పారితేనే తెలుస్తాది. ఒక చెరువు మరవకు జానెడు కింద ఉండొచ్చు, ఇంకోటి నిలువు లోతు కింద ఉండొచ్చు, బయట ఉన్నోడికి రెండూ ఒకటే. ఆ నీళ్లల్లో కొంత తండ్రి వాటా, కొంత తల్లి వాటా, కొంత తల్లి పాలు, కొంత ఆ ఏడు వాన, బీడు తడి, మిగిలింది మనకు తెలియనిది. అన్నీ కలిసి మరవ మట్టం దాటితే మనం 'జబ్బు' అంటాం. దీన్నే థ్రెషోల్డ్ మోడల్ అంటారు. 1934లో సీవాల్ రైట్ అనే జన్యుశాస్త్రవేత్త గినీ పందుల కాలి వేళ్ల మీద ఈ ఆలోచన చూపించినాడు, వాటి వెనక కాళ్లకు మామూలుగా మూడే వేళ్లు, కొన్నిటికి నాలుగోది వస్తాది, సగం వేలు అంటూ ఉండదు గదా. 1965లో ఫాల్కనర్ అనే ఇంకో జన్యుశాస్త్రవేత్త మనుషుల జబ్బులకు వాడినాడు, 1983లో జియానోలా, ఫూలే అనే ఇద్దరు పశువుల ఎంపికకు సరిపోయేటట్టు లెక్క కట్టినారు.

తండ్రి వాటా ఎంత అని తెలుసుకునేదానికి సవతి పిల్లలే ఆధారం. ఒకే పొట్టేలుకు వేరు వేరు గొర్రెలకు పుట్టిన పిల్లలు రక్తంలో నాలుగో వంతు పంచుకుంటాయి. అందుకే పొట్టేళ్ల మధ్య కనపడే తేడాను మొత్తం తేడాతో భాగించి, నాలుగుతో గుణిస్తే హెరిటబిలిటీ వస్తాది. 0 అంటే ఆ గుణంలో రక్తం వాటా ఏమీ లేదు, 1 అంటే అంతా రక్తమే.

ఆర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్లో ఎల్ఎంఈ4 అనే ప్యాకేజీ ఉంది, మొదటి లెక్కకు అది చాలు. ఎడమ పక్క జబ్బు, ఉంటే 1 లేకపోతే 0. కుడి పక్క గుంపు (అంటే రొప్పం, బీడు, కారు మూడూ కలిపి ఒక పేరు), పోతా పెంటా, ఒంటిదా కవలా, తల్లి ఈత, చూసిన రోజుకు వయసు, ఇవన్నీ ఫిక్స్‌డ్, అంటే ఒక్కోదాని తేడాను నేరుగా అంకెగా కొలిచి పక్కకు తీసేసేవి. పొట్టేలును మాత్రం రాండమ్ అని పెట్టండి, అంటే పొట్టేళ్ల మధ్య తేడా మొత్తం మీద ఎంత ఉందో కొలిచేది, ఆ కొలతనే వేరియన్స్ అంటారు. ఒకే తల్లి పిల్లలు రెండు మూడు ఈతలవి ఉంటే తల్లిని కూడా రాండమ్ పెట్టండి, పాలు తక్కువ ఉన్న తల్లి పిల్ల నట్టలకు త్వరగా లొంగుతాది, దాన్ని తండ్రి ఖాతాలో వేయకూడదు.

ఇక్కడ చానామంది ఒక తప్పు చేస్తారు. 'ఉంది, లేదు' అనేదాన్ని లోపలి గుణంతో జోడించేదానికి ప్రోబిట్, లాజిట్ అని రెండు దారులు. మోడల్ ప్రోబిట్ అని పెడితే మిగులు వేరియన్స్ (అంటే మనకు తెలియని మిగతా తేడా) 1, లాజిట్ అని పెడితే 3.29. సాఫ్ట్‌వేర్ దాన్ని చూపించదు, మనమే కలుపుకోవాల. ప్రోబిట్‌లో పొట్టేలు వేరియన్స్ 0.06 వచ్చింది అనుకోండి, నాలుగు సార్లు 0.06 అంటే 0.24, దాన్ని 1.06తో భాగిస్తే 0.23 (తల్లిని కూడా రాండమ్ పెట్టుంటే కింద దాని వేరియన్స్ కూడా కలపాల). లాజిట్‌లో వచ్చిన అంకెను తీసి 1తో కలిపి భాగిస్తే హెరిటబిలిటీ రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తాది, దాన్ని చూసి సంబరపడొద్దు.

ఇంకోటి, 0, 1లను మామూలు అంకెల మాదిరి వేసి లెక్క కడితే వచ్చే హెరిటబిలిటీ తక్కువగా ఉంటాది, అది వేరే కొలబద్ద. జబ్బు నూటికి 20 పిల్లలకు వస్తే లోపలి గుణం హెరిటబిలిటీలో ఇంచుమించు సగమే, 0.49 వంతు, పైకి కనపడుతాది. నూటికి 5కే వస్తే 0.22 వంతే. అంటే లోపల 0.2 ఉన్నా పైన 0.1 గానీ, 0.045 గానీ కనపడుతాది. డెంప్‌స్టర్, లెర్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1950లోనే దీనికి మార్పిడి లెక్క ఇచ్చినారు. ఎవరైనా మీకు హెరిటబిలిటీ అంకె చెప్తే ఏ కొలబద్ద మీద అని అడగండి.

వార్నింగులు రెండు రకాలు వస్తాయి. 'సింగ్యులర్' అని వచ్చి పొట్టేలు వేరియన్స్ సున్నా చూపిస్తే, రక్తం వాటా లేదు అని అర్థం కాదు, చానాసార్లు పొట్టేళ్లు తక్కువయ్యాయి అని అర్థం. ఏదైనా గుంపులో ఒక్క పిల్లకూ జబ్బు రాకపోయినా, అన్నిటికీ వచ్చినా, ఆ గుంపు అంకె పిచ్చిగా పెరిగిపోతాది. ఆ గుంపు పొట్టేళ్ల గురించి ఏమీ చెప్పలేదు, పక్కకు పెట్టండి.

ఎన్ని పిల్లలు కావాల

లోపలి హెరిటబిలిటీ 0.2 ఉంటాది అనుకుంటే ఒక్కో పొట్టేలుకు 20 పిల్లల దగ్గర మన కష్టానికి ఎక్కువ ఫలితం (4ను 0.2తో భాగిస్తే 20, ఇది గుడ్ల లెక్క మాదిరి అంకెలకు, ఉంది లేదు అనే లెక్కకు ఇంకా ఎక్కువే కావాల). ఒకే పొట్టేలుకు 200 పిల్లల కన్నా పది పొట్టేళ్లకు ఇరవై ఇరవై మేలు. పది పొట్టేళ్లు ఒక ఇంట్లో ఉండవు, అందుకే నాలుగైదు మందలోళ్లు కలవాల. కలిసినా ఊరికే నోటుబుక్కులు కలిపితే చాలదు, కనీసం ఒకటి రెండు పొట్టేళ్లు రెండు మూడు మందల్లో తిరిగి ఉండాల, వాటి పిల్లలే ఒక మందకూ ఇంకో మందకూ మధ్య తూకం రాయి. దాటే కాలంలో పది రోజులు మా పొట్టేలు మీ రొప్పంలో, మీది మా రొప్పంలో అంటే ఎవరూ కాదనరు, బంధువుల మధ్య ఎట్లాగూ జరిగేదే.

తక్కువ పిల్లలున్న పొట్టేలును తొందరపడి తిట్టొద్దు, పొగడొద్దు

మంద సగటు నూటికి 25. ఒక పొట్టేలుకు 4 పిల్లలు, 2కు జబ్బు, నూటికి 50. ఇంకోదానికి 60 పిల్లలు, 24కు జబ్బు, నూటికి 40. ఏది చెడ్డది? మొదటిదే అనిపిస్తాది. పైకి కనపడే హెరిటబిలిటీ 0.1 అయితే, పిల్లల సంఖ్యను, పిల్లల సంఖ్యకు 39 కలిపిన దానితో భాగించండి (39 ఎక్కడిదంటే 4లో 0.1 తీసేసి 0.1తో భాగిస్తే వచ్చేది). మొదటిదానికి 4 బై 43, అంటే 0.09, సగటు మీద తేడా 25, గుణిస్తే 2.3. రెండోదానికి 60 బై 99, అంటే 0.61, తేడా 15, గుణిస్తే 9.1. నమ్మదగిన చెడు రెండోదానిదే. బ్లప్ అని పెద్ద పేరుతో హెండర్సన్ అనే పశు జన్యుశాస్త్రవేత్త కట్టిన పద్ధతిలో లోపల జరిగేది ఇదే, కాకపోతే గుంపుల తేడాలను కూడా అప్పుడే సరిచేస్తాది. తాత ముత్తాతల దాకా నోటుబుక్కు ఉన్నోళ్లు, పొట్టేళ్లలో తండ్రీ కొడుకులు ఉన్నోళ్లు, బంధుత్వం మొత్తం లెక్కలోకి తెచ్చే యానిమల్ మోడల్‌కు పోవాల, బ్లప్‌ఎఫ్90 ప్రోగ్రాములు దానికే. అది ఒంటరిగా కుస్తీ పట్టే పని కాదు, ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో జెనెటిక్స్ చెప్పే సార్ల దగ్గరికి షీట్ తీసుకుని పోండి, శుభ్రంగా రాసిన షీట్ చూస్తే ఎవరికైనా చేయబుద్ధి అవుతాది.

హెరిటబిలిటీ తక్కువ వచ్చిందని నిరాశపడొద్దు. ఆవుల పొదుగు వాపుకు అది నూటికి కొద్ది పాళ్లే, అయినా నార్వే వాళ్లు 1975 నుంచి దేశమంతా ప్రతి ఆవు జబ్బూ కార్డులో రాసి, 1978 నుంచి కోడెల ఎంపికలో పొదుగు వాపును కూడా చేర్చినారు, ఒక్కో కోడెకు వందల కూతుళ్ల లెక్క చూసి ముందుకు పోయినారు.

ఒక్క జీనుతో వచ్చే జబ్బులు మాత్రం వేరు. హోల్‌స్టీన్ ఆవుల్లో బ్లాడ్ అనే రోగనిరోధక లోపం ఉంది, తల్లీ తండ్రీ ఇద్దరూ మోసేవాళ్లయితే నాలుగింట ఒక దూడకు వస్తాది. దానికి ఈ మోడల్ పనికిరాదు, రక్తం తీసి డీఎన్‌ఏ పరీక్ష చేయించడమే.

అంకెలు వచ్చినాక

పొట్టేళ్లను మూడు వరసలు చేయండి. బాగా చెడు అని, అదీ 30 పిల్లలకు తక్కువ కాకుండా ఉండి తేలినవాటిని దాటేదానికి వాడటం ఆపేయండి, వాటి కొడుకుల్ని విత్తనానికి వదలొద్దు. మంచివి అని తేలినవాటిలో పిల్లల బరువు కూడా చూసి తీసుకోండి, నట్టలకు తట్టుకుని కూడా పెరగని పిల్లతో ఇల్లు గడవదు. మంచిదే గదా అని ఒక్క పొట్టేలునే ఏళ్ల తరబడి ఉంచి దాని కూతుళ్లకే దాటించొద్దు, రెండేళ్లకు పక్క ఊరి మందతో మార్చుకోండి.

మధ్యలో ఉన్నవే ఎక్కువ ఉంటాయి, తక్కువ పిల్లలతో ఏమీ తేలనివి. వాటిని అమ్మేయొద్దు. వచ్చే దాటే కాలంలో ఒక్కోదానికి ఇంకో ఇరవై గొర్రెలు ఇవ్వండి, సగం మీ మందవి, సగం ఇంకొకరివి, పుట్టిన పిల్లల్ని సగం చెరువు కింద, సగం గుట్ట మీద మేపి, వానలు అయినాక మళ్లీ కళ్లు చూసి రాయండి.